ఆటస్థలంలో పిల్లల భద్రత



మీలో చాలామంది సాయంత్రం బడి వదలగానే ఏదో ఒక మైదానానికో, ఈతకొలనుకో వెళుతూ ఉంటారు. ఆడేటప్పుడు కాలు బెణికితే ఏం చేయాలో మీకు తెలుసు. కాని ఆట నేర్పే పెద్దవారి వల్లే పిల్లలకు హాని కలిగితే ఏం చేయాలి? ఈ ప్రశ్నను మన క్లబ్బులు చాలాకాలం అడగనే లేదు.

1990 ఆగస్టులో హర్యానాలోని పంచకులలో జరిగిన సంఘటన చూడండి. టెన్నిస్ ఆడే 14 ఏళ్ల బాలికను రాష్ట్ర టెన్నిస్ సంఘం అధ్యక్షుడు తన కార్యాలయానికి పిలిపించాడు. ఆయన పోలీసు శాఖలో ఉన్నతాధికారి కూడా. బాలిక తన స్నేహితురాలిని వెంట తీసుకొని వెళ్లింది. కోచ్‌ను పిలుచుకురమ్మని ఆయన ఆ స్నేహితురాలిని బయటకు పంపాడు. ఆ కొద్ది నిమిషాల్లోనే బాలికతో అసభ్యంగా ప్రవర్తించాడు. ఫిర్యాదు చేసిన తరువాత ఆ బాలికను బడి నుంచి తీసివేశారు. 1993లో ఆమె ప్రాణాలు తీసుకుంది. పోలీసులు కేసు నమోదు చేసింది 1999లో, కోర్టు నేరం రుజువైందని చెప్పింది 2009లో. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2016లో సమర్థించింది. ఇన్నేళ్లూ కేసు నిలబడిందంటే, తిరిగి వచ్చి కళ్లారా చూసిన ఆ స్నేహితురాలి సాక్ష్యమే ముఖ్య కారణం.

"కోచ్‌ను పిలుచుకురా" అన్న ఆ చిన్న మాటను గమనించండి. పిల్లను ఒంటరి చేయడానికి అంతే చాలింది. అందుకే పిల్లల భద్రత గురించి ఆలోచించేవారు మనిషి మంచివాడా కాదా అన్న విచారణతో ఆగిపోరు. ఒక పెద్దమనిషి, ఒక పిల్ల తలుపు మూసిన గదిలో ఇద్దరే ఉండే అవకాశమే లేకుండా చూస్తారు. విడిగా శిక్షణ ఇవ్వాలంటే నలుగురికీ కనబడే చోట ఇవ్వాలి. పొరుగూరి పోటీలకు వెళితే పెద్దలు ఒక గదిలో, పిల్లలు మరో గదిలో పడుకోవాలి. పిల్లలు బట్టలు మార్చుకునే చోటికి ఫోను తీసుకుపోకూడదు. "మా సారు దేవుడిలాంటివారు" అని కొందరు తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. నిజమే కావచ్చు. ఈ నియమం ఆ సారును కూడా నిందల నుంచి కాపాడుతుంది కదా!

క్రీడల్లో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఈత, జిమ్నాస్టిక్స్ నేర్పేవారు పిల్లలను పట్టుకోక తప్పదు. మంచి శిక్షకుడు ఎక్కడ, ఎందుకు పట్టుకుంటున్నాడో ముందే చెబుతాడు. పైగా జట్టులో ఎవరుండాలో నిర్ణయించేది ఆయనే. అందువల్ల పిల్లలు నోరు విప్పడానికి భయపడతారు. హాని చేయదలచినవాడు మొదట బహుమతులిస్తాడు, రాత్రిపూట మెసేజీలు పంపుతాడు, "ఇంట్లో చెప్పకు" అంటాడు. ఆ చివరి మాట వినబడితే వెంటనే ఇంట్లో చెప్పండి. ఇది ఆడపిల్లలకే పరిమితమని అనుకోకండి. చిన్నప్పుడు తమ కోచ్‌లు చేసిన అకృత్యాలను 2016లో ఇంగ్లండులో ఎందరో మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారులు బయటపెట్టారు. వారంతా మగవారు.

మన దేశంలో 2012 నుంచి పోక్సో చట్టం అమలులో ఉంది. 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరికీ, మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా, అది రక్షణ ఇస్తుంది. పిల్లలతో నిత్యం మెలిగే సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా విచారింపజేయాలని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. వాటిలో స్పోర్ట్స్ అకాడమీల పేరు స్పష్టంగానే ఉంది. మీ క్లబ్బులో ఆ విచారణ జరిగిందా అని మీ అమ్మానాన్నలు నిస్సంకోచంగా అడగవచ్చు. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. క్లబ్బు పరువు పోతుందని లోలోపల సర్దుబాటు చేయడం మనకు బాగా అలవాటు. చట్టం దృష్టిలో అదీ నేరమే.

రేపు మీ స్నేహితుడో స్నేహితురాలో ఇలాంటి విషయం మీతో చెప్పిందనుకోండి. మధ్యలో ఆపకుండా వినండి. "నువ్వెందుకు వెళ్లావు?" అని మాత్రం అడగకండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ఎందుకంటే పెద్దవారికి చెప్పక తప్పదు. ఆ పెద్దవారు క్లబ్బుకు సంబంధం లేనివారైతే మరీ మంచిది. ఎవరూ దొరకకపోతే 1098కు ఫోను చేయండి. అది పగలూ రాత్రీ పనిచేసే ఉచిత నంబరు. పోలీస్ స్టేషనుకు వెళ్లాలేమోనని భయపడే పిల్లలకు ఒక సంగతి చెప్పండి: వాంగ్మూలం ఇంటి వద్దనే ఇవ్వవచ్చు. వీలైనంతవరకు మహిళా అధికారే వచ్చి రాసుకుంటారు, అదీ యూనిఫాం లేకుండా.