ఈ ఊళ్ళో పొద్దెప్పుడు గూకుతుంది?

మా అమ్మ మొదటిసారి వాటర్‌ఫోర్డ్ వచ్చింది జూన్ నెలలో. రాజమండ్రిలో దీపాల వేళకి దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆ తర్వాతే రాత్రి వంట మొదలుపెట్టడం ఆవిడ అలవాటు. ఇక్కడ ఏడయింది, ఎనిమిదయింది, తొమ్మిదీ అయింది. ఒత్తి వేసి, నూనె పోసి, అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరే కూర్చుంది. బయట పిల్లలు ఇంకా ఫుట్‌బాల్ ఆడుతున్నారు. చివరికి విసుగొచ్చి, "ఒరేయ్, మీ ఊళ్ళో సూర్యుడికి ఇల్లూ వాకిలీ లేవుట్రా?" అంది. ఆ రోజు మా ఇంట్లో దీపం వెలిగేసరికి దాదాపు పది!

అందరం నవ్వుకున్నాం గానీ, పిల్లలు మాత్రం "ఎందుకలా?" అని పట్టుకున్నారు. చదివింది కంప్యూటర్లయినా నాన్నగా నాకు తప్పదు కదా! గ్లోబు తీసి చూపించాను. రాజమండ్రి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మన వాటర్‌ఫోర్డ్ 52 దాటి ఉంది. భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వంగి ఉండటంవల్ల, భూమధ్యరేఖకి దూరం వెళ్ళేకొద్దీ పగటి పొడవులో తేడా పెరుగుతుంది. రాజమండ్రిలో ఏడాది పొడవునా సూర్యుడు దాదాపు ఐదున్నరకీ ఆరూ ముప్పావుకీ మధ్యే అస్తమిస్తాడు. ఇక్కడ డిసెంబరులో నాలుగుంపావుకే సరి. జూన్ చివర్లో పదికి పది నిముషాలుండగా!

మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో గడియారం మార్చుకోవడం మరో తతంగం. పైగా ఇక్కడి వేసవి సమయాన్ని కూడా ఐ.ఎస్.టి. అనే అంటారు, ఐరిష్ స్టాండర్డ్ టైమ్ అన్నమాట. హైదరాబాదు టీముతో మీటింగు పెట్టి, ఏ ఐ.ఎస్.టి.నో రాయడం మరచిపోయి, ఒక్కడినే కాన్ఫరెన్స్ కాల్‌లో కూర్చున్న అనుభవం నాకుంది!

ఇంకో సంగతి. పుష్కర ఘాట్‌లో నిలబడితే సూర్యుడు గోదావరి అవతలికి దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. చూస్తూండగానే చీకటి. ఇక్కడ ఏటవాలుగా, జారుడుబల్ల మీద దిగినట్టు దిగుతాడు. అందుకే సంధ్య అంతసేపు సాగుతుంది. జూన్‌లో అర్ధరాత్రి వేళ కూడా సూర్యుడు దిగంతానికి 14 డిగ్రీల కిందే ఉంటాడు. పూర్తి చీకటి పడాలంటే 18 డిగ్రీలు దిగాలి. ఉత్తరాన ఆకాశం అడుగున ఆ పలచటి వెలుగు చూశారా? అదే ఇది.

మరి ఎరుపెందుకు? సాయంత్రపు వెలుతురు గాలిపొరల్లో ఎక్కువ దూరం ప్రయాణించాలి. దారిలోనే నీలం చెల్లాచెదురై, మనదాకా ఎరుపూ నారింజా మిగులుతాయి. వెలుతురు ఇలా చెదరడం మీద తొలినాళ్ళలో ప్రయోగాలు చేసిన జాన్ టిండాల్ 1820 ప్రాంతంలో మనకి దగ్గర్లోని కార్లో కౌంటీలోనే పుట్టాడు. 1921లో ఓడ ప్రయాణంలో సముద్రపు నీలం చూసి ఆలోచనలో పడి, 1930లో నోబెల్ బహుమతి అందుకున్న సి.వి.రామన్ చిన్నప్పుడు చదివింది మన విశాఖపట్నంలో!

ఇదంతా వేసవి ముచ్చట. చలికాలం మాటేమిటి? మా మొదటి డిసెంబరులో బడినుంచి వచ్చిన అమ్మాయి పాలు తాగేలోపే చీకటి పడేది. కిటికీ తెరలు మూసేసి ఏడుస్తూ కూర్చునేది. "వెళ్ళిపోదామండీ" అని మా ఆవిడ రెండుమూడుసార్లు అంది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు అమ్మ దగ్గర దొరికింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఇప్పుడంత దూరం ప్రయాణం చేయలేదు. ఒక శనివారం ఫోన్ చేస్తే, "అక్కడ ఇప్పుడు పొద్దు గూకుతోందా? ఏదీ, చూపించు" అంది. అప్పుడు తట్టింది. ఇక్కడ నాలుగుంపావంటే అక్కడ పావు తక్కువ పది, అమ్మ ఇంకా పడుకోని వేళ. జూన్‌లో మన పొద్దు గూకేసరికి అక్కడ రాత్రి రెండూ ఇరవై! మామ్మా మనవలూ కలిసి చూడగలిగే సూర్యాస్తమయం మేం తిట్టుకునే ఈ చలికాలపుదే.

అప్పటినుంచి శని, ఆదివారాల్లో మబ్బు లేకపోతే పిల్లలు ఫోన్ పట్టుకుని పడమటి కిటికీ దగ్గర చేరతారు. నెలకోసారి ఒకే చోట నిలబడి, సూర్యుడు దిగిన చోట అద్దం మీద ఒక స్టిక్కరు అంటిస్తారు. డిసెంబరు స్టిక్కరుకీ జూన్ స్టిక్కరుకీ మధ్య 80 డిగ్రీల పైనే ఎడం. రాజమండ్రిలో అయితే 49 డిగ్రీలే ఉంటుంది. మీరూ మీ పిల్లలతో చేసి చూడండి. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని మాత్రం మరీమరీ చెప్పండి.

తెరలు మూసేసే మా అమ్మాయి ఇప్పుడు అక్టోబరు ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. అవతల ఫోన్‌లో మామ్మ ప్రశ్న మాత్రం మారలేదు.

"పొద్దు గూకిందిగా, దీపం పెట్టారా?"