ఊరి బడి: తల్లిదండ్రుల సాక్ష్యము

ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములు రెంటను వేసవి సెలవుల పిమ్మట పాఠశాలలను సాధారణముగ జూన్ 12వ తేదీన తెరచుచుందురు. అంతకు పది దినములు ముందుగనే ప్రతి గృహమునందును ఒక ప్రశ్న తలయెత్తును. పిల్లవానిని ఊరిలోని మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాలలో చేర్చుటయా, లేక వాకిట నిలుచు పసుపుపచ్చ బస్సెక్కించి పట్టణమునకు పంపుటయా? దీనికి జవాబు చెప్పవలసినవారు మంత్రులును కారు, విద్యాధికారులును కారు, తల్లిదండ్రులు. వారి మాట పత్రికల కెక్కుట అరుదు. గోదావరి డెల్టాలోని ఒక గ్రామమున మేము కొందరిని విచారించితిమి. ఒకే పాఠశాలను కొందరు మెచ్చుకొనిరి, కొందరు నిందించిరి. వింత యేమనగా, ఒక తల్లియే రెండును చేసినది.

ఆమె వ్యవసాయ కూలి. పెద్దకుమార్తె చదువుకొనునాటికి ఆ బడిలో నొక ఉపాధ్యాయిని యుండెను. పొరుగూరినుండి రావలసియున్నను ప్రార్థన వేళకు ముందే వచ్చెడిది. రాని పిల్లల యిండ్లకు తానే పోయి పిలుచుకొని వచ్చెడిది. రెండవ తరగతి ముగియునప్పటికి ఆ బాలిక వార్తాపత్రికలోని పెద్దయక్షరములను కూడబలుకుకొని చదువ నేర్చెను. తరువాత ఉపాధ్యాయినికి బదిలీ యైనది. చిన్నవాడు అదే గదిలో కూర్చుండి మూడవ తరగతికి వచ్చెను గాని, తన పేరు దప్ప మరియొక పంక్తి వ్రాయలేకున్నాడు. బడి మంచిదా, చెడ్డదా యని మేమడుగగా, “ఏ ఏటి బడి గురించి అడుగుతున్నారు బాబూ?” అని ఆమె యెదురు ప్రశ్న వేసెను.

భవనమును గూర్చి మాత్రము ఫిర్యాదు చేసినవారు లేరు. 2019 నవంబరు 14న ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ‘నాడు-నేడు’ పథకము క్రింద మరుగుదొడ్లు, త్రాగునీరు, బల్లలు, పంకాలు సమకూడినవి. తెలంగాణమునను 2022లో ‘మన ఊరు - మన బడి’ యను పేర ఇట్టి కార్యమే మొదలైనది. ఆడపిల్లల తల్లులకు మరుగుదొడ్డి యెంత ముఖ్యమో పట్టణవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇక భోజనము. వండిన అన్నము పెట్టవలయునని సర్వోన్నత న్యాయస్థానము 2001 నవంబరు 28న ఆజ్ఞాపింపగా, ఉమ్మడి రాష్ట్రమున 2003 మొదలుకొని అది అమలైనది. గ్రుడ్డు పెట్టుట మంచిదని యందరును ఒప్పుకొనిరి. పప్పు పలుచగ నున్నదని కొంద రనిరి. వండు స్త్రీలను విచారింపగా, బిల్లులు నెలల తరబడి రాక కొట్టులో అప్పు పెరుగుచున్నదని చెప్పిరి. ఆ అప్పు పప్పులో నీళ్ళయి తేలుట సహజమే గదా!

కాని గోడలకు రంగు వేసినంతమాత్రమున పిల్లలకు అక్షరములు రావు. గ్రామీణ భారతమున అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు నూటికి 42.8 మంది మాత్రమే యని 2022 నాటి ‘అసర్’ నివేదిక తెలిపినది. ఈ లెక్కలో ప్రైవేటు బడుల పిల్లలును కలరని, పట్టణపు బస్సును నమ్ముకొన్న మిత్రులు గమనింతురు గాక.

అయిదెకరముల రైతొకరి అనుభవము వేరు. కరోనా దినములలో రాబడి తగ్గి, పట్టణపు ఫీజు భారమై, 2021లో ఆయన తన కుమారుని ఊరి బడిలోనే మొదటి తరగతిలో చేర్పించెను. ఇట్లు చేసినవా రాయన యొక్కడే కాడు. గ్రామీణ భారతమున 6 మొదలు 14 ఏండ్ల పిల్లలలో ప్రభుత్వ పాఠశాలలయందున్నవారు 2018లో నూటికి 65.6 కాగా 2022 నాటికి 72.9 మందియైరి, 2024లో మరల 66.8కి దిగినది. వచ్చినవారు వచ్చి, చూచి, వెడలిపోయిరన్నమాట. ఈ రైతేల వెడలెను? 2022లో ఆంధ్ర ప్రభుత్వము 117వ నంబరు ఉత్తరువు ననుసరించి 3, 4, 5 తరగతులను ప్రాథమిక పాఠశాలలనుండి తీసి సమీపపు ఉన్నత పాఠశాలలకు అనేక గ్రామములలో తరలించినది. కుమారుడు మూడవ తరగతికి వచ్చునప్పటికి కాలువగట్టు వెంబడి నడచి పోవలసివచ్చెను. ఎనిమిదేండ్ల పిల్లవానిని లారీలు తిరుగు దారిని పంపుటకంటె బస్సే మేలని తండ్రి తలచుటలో తప్పేమున్నది? 2025లో ఆ యుత్తరువు తొలగి తరగతులు మరలివచ్చినవి. తరగతికొక ఉపాధ్యాయు డుండునట్టి ఆదర్శ ప్రాథమిక పాఠశాలలును ఏర్పడినవి. బాలుడు మాత్రము మరలిరాలేదు. ఇప్పుడాతడు ఆంగ్ల పద్యముల నప్పగించుచున్నాడు. అర్థ మడిగిన నవ్వుచున్నాడు. తండ్రియు నవ్వుచున్నాడు గాని ఫీజు కట్టునప్పుడు కాదు.

ఇచ్చట మన భూవసతి గల పాఠకులతో కొంచెము స్పష్టముగ మాటలాడవలసియున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులో నున్నది. ప్రతి ప్రభుత్వ పాఠశాలకును ఒక యాజమాన్య సంఘ ముండవలెను. అందు నాలుగింట మూడుపాళ్ళు తల్లిదండ్రులును, మొత్తముపై సగము స్త్రీలును ఉండవలెను. బడి పనిని కనిపెట్టుటయు, నిధుల వినియోగమును చూచుటయు వారి విధి. ఉపాధ్యాయుడు వేళకు రాకున్న, పాఠము సాగకున్న అడుగు హక్కు వారిదే. కూలియైన మన తల్లి యీ సంఘమున సభ్యురాలు. సభ పగలు పదకొండు గంటలకు జరుగును. ఆమె హాజరైనచో ఆనాటి కూలి పోవును. అందుచే తీర్మానము ముందుగ వ్రాసిన పుస్తకము మరునాడు ఆమె యింటికే వచ్చును. ఆమె వ్రేలిముద్ర వేయును. అడుగ నేర్చినవారో, తమ పిల్లలను బడినుండి తీసికొనుటతో ఆ సంఘములో తల్లిదండ్రులకుండు స్థానమునుగూడ వదలుకొనిరి. బడి చెడుటచే వా రెడబాసిరా, వా రెడబాయుటచే బడి చెడెనా? రెండును నిజమే. అయినను రెండవదానినే మన మెక్కువగ మరచుచున్నాము.

ప్రభుత్వపు జీతము తినువారెల్లరు తమ పిల్లలను ప్రభుత్వ పాఠశాలలకే పంపునట్లు చూడవలయునని అలహాబాదు హైకోర్టు 2015 ఆగస్టు 18న ఉత్తరప్రదేశ ప్రభుత్వమును ఆదేశించినది. అది ఆచరణలోనికి రాలేదు. నిర్బంధముచే ఇట్టివి సాగవని మేమును ఎరుగుదుము. మోతుబరులను తమ పిల్లలను రేపే మరలింపుడని మేము కోరుటలేదు. కాని చట్టము సంఘములో తల్లిదండ్రులకేగాక, స్థానిక సంస్థకు ఎన్నికైనవారికిని చోటిచ్చినది. పల్లెలలో ఆ పదవులం దున్నవారు తరచుగ భూస్వాములే. ఆ చోట వారు కూర్చుండుటలేదు.

చిన్నవాని తరగతికి ఉపాధ్యాయుని కోరుచు మండల విద్యాధికారికి ఒక విన్నపము వ్రాయుటకు తల్లులు నలుగురు సిద్ధముగ నున్నారు. సభను సాయంకాలము ఆరు గంటలకు మార్చినచో తాము తప్పక వత్తుమని చెప్పిరి. ప్రధానోపాధ్యాయుడు అందుకు సమ్మతించెను. ఆ వార్డు సభ్యుడు ఇరువది యెకరముల ఆసామి. ఆయన జవాబు మే మిది వ్రాయునాటికి రాలేదు.