ఉస్మాన్‌గంజ్‌కు పనికి వెళ్తున్నారా? పిల్లల బడి మరువకండి

హైదరాబాద్, ఉస్మాన్‌గంజ్: టోకు దుకాణాల్లో బస్తాలు మోసే పనికి పల్లెల నుండి వచ్చే కుటుంబాలకు జూన్‌లో బడులు తెరిచే వారం ముఖ్యమైనది.

ఊరి బడి నుండి బదిలీ పత్రం రాలేదని చాలామంది వెనుదీస్తుంటారు. అలా ఆగితే బిడ్డ చదువు బస్తాల మధ్యనే నిలిచిపోతుంది. పత్రం ఆలస్యమైనా, వయసు ధ్రువపత్రం లేకున్నా, ప్రభుత్వ బడిలో చేర్చుకోవడానికి నిరాకరించరాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల పిల్లలకు ఈ హక్కు కల్పించింది.

తల్లిదండ్రులకు సూచనలు: మొదటిరోజే ప్రధానోపాధ్యాయుని కలిసి పేరు రాయించండి. పాఠ్యపుస్తకాలు, మధ్యాహ్న భోజనం ఉచితం. చదువు ఆగిన పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. తిరిగి ఊరికి వెళ్లేముందు బదిలీ పత్రం అడగండి. వెంటనే ఇవ్వవలసిన బాధ్యత ప్రధానోపాధ్యాయునిదే.