సినిమా కోసం ఖరీదైన హెడ్‌ఫోన్ కొంటున్నారా?

మణుగూరు వైపు నుంచి మా ఆసుపత్రికి వచ్చిన ఒక కుటుంబం సంగతితో మొదలుపెడతాం. పేర్లు చెప్పం. ఇంటి పెద్దాయన ఓపెన్‌కాస్ట్ గనిలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. రాత్రి భోజనాలయ్యాక సినిమా పెట్టుకోవడం ఆయనకు అలవాటు. మాటలు సరిగా వినపడటం లేదని సౌండు పెంచుతారు. ఫైటు రాగానే ఇల్లు అదిరిపోతుంది. పక్క గదిలో ఇంటర్ చదివే మనవరాలు పుస్తకం మూసేస్తుంది. ఈ గొడవ చూడలేక హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు దసరాకు వస్తూ పాతిక వేలు పోసి హెడ్‌ఫోన్ తెచ్చాడు. ఇల్లు సద్దుమణిగింది.

రెండు నెలలు తిరక్కముందే పెద్దాయన దాన్ని అలమారలో పెట్టేశారు. "ఇందులోనూ మాటలు సరిగా రావట్లేదురా, షాపువాడు నిన్ను మోసం చేశాడు" అన్నారట. సంక్రాంతికి వచ్చిన కొడుకు దాన్ని తన చెవులకు పెట్టుకుని చూశాడు. సౌండు చివరిదాకా పెంచి ఉంది. ఒక్క నిమిషం కూడా భరించలేక తీసేశాడు. మర్నాడే తండ్రిని వెంటబెట్టుకుని మా ఓ.పి.కి వచ్చాడు. హెడ్‌ఫోన్‌లో ఏ లోపమూ లేదు.

ఆ పెద్దాయన సంగతి మళ్లీ చివర్లో చెబుతాం. ముందు హెడ్‌ఫోన్ మాట. ఇంట్లో సినిమా చూడటానికి మంచి హెడ్‌ఫోన్ కొనాలనుకునేవారు ఈమధ్య మమ్మల్ని కూడా సలహా అడుగుతున్నారు. మేము సౌండు ఇంజనీర్లం కాము. కానీ చెవి వైపు నుంచి చూస్తే ఈ బేరంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే అనిపిస్తుంది: తక్కువ సౌండులో మాట స్పష్టంగా వినపడుతోందా?

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమా మాట్లాడటం మొదలుపెట్టింది. అప్పటినుంచీ మనకు సినిమా అంటే సగం మాటలే. 1957 నాటి 'మాయాబజార్'లో పింగళి నాగేంద్రరావు గారి మాట ఒక్కటి జారిపోయినా నష్టమే కదా! మరి ఇంట్లో ఆ మాటే ఎందుకు జారిపోతోంది? ఈ రోజుల్లో సినిమాకు సౌండు కలిపేది థియేటరును దృష్టిలో పెట్టుకుని. అక్కడ మాటల కోసం తెర వెనక మధ్యలో ప్రత్యేకంగా స్పీకరు ఉంటుంది. గుసగుసకూ పేలుడుకూ మధ్య తేడా కావాలనే చాలా ఎక్కువ ఉంచుతారు. అదే సినిమా ఇంటికి వచ్చేసరికి పలుచని టీవీలో చిన్న చిన్న స్పీకర్లు, అవీ కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. పైన ఫ్యాను మోత. ఎండాకాలమైతే కూలరు మోత. మాట కోసం సౌండు పెంచుతాం, పేలుడు వచ్చి గుండె అదురుతుంది. అందుకని డబ్బు ఖర్చు పెట్టేముందు మీ టీవీ సౌండు సెట్టింగుల్లో మాటలను స్పష్టం చేసేదీ, రాత్రిపూట వాడుకునేదీ ఉందేమో వెతకండి. కొన్ని ఇళ్లలో అంతటితోనే పని తీరిపోతుంది.

తీరకపోతే హెడ్‌ఫోన్. చెవి రంధ్రంలో దూర్చేవాటికన్నా చెవి మొత్తాన్ని కప్పేవే సినిమాకు మేలు. వీటిలో రెండు జాతులున్నాయి. గిన్నె వెనక భాగం మూసి ఉండేవి ఒకటి, జల్లెడలాగా తెరిచి ఉండేవి రెండోది. ఈ తెరిచిన రకాన్ని జర్మనీకి చెందిన సెన్‌హైజర్ కంపెనీ 1968లో హెచ్‌డి 414 పేరుతో మొదట మార్కెట్లోకి తెచ్చింది. తెరిచిన వాటిలో సౌండు తలలో ఇరుక్కున్నట్టు కాక, ఎదురుగా కాస్త దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది. చెవికి గాలి ఆడుతుంది. రోళ్లు పగిలే ఎండలు కాసే కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో ఇది చిన్న విషయం కాదు. ఇంకో లాభం కూడా ఉంది. ఉయ్యాలలో పిల్ల ఏడ్చినా, మంచం మీద ఉన్న ముసలమ్మ పిలిచినా వినపడుతుంది. అయితే లోపలి సౌండు బయటికీ వస్తుంది. ఒకే గదిలో అందరూ పడుకునే ఇంట్లో ఇది కుదరదు. అక్కడ మూసిన రకమే గతి.

మా స్టాఫ్ క్వార్టర్స్‌లో ఒకసారి రెండు రకాలూ అరువు తెచ్చుకుని వారం రోజులు వంతులవారీగా వాడి చూశాం. మొదటి రాత్రి అందరమూ దడదడలాడే మూసిన హెడ్‌ఫోన్‌కే ఓటు వేశాం. డప్పు మోగితే పక్కనే మోగినట్టుంది మరి. వారం చివరికి ఒక్కరు తప్ప అందరమూ రెండోదానికి మారాం. దడదడ చెవిని అలసిపోయేలా చేస్తుంది, మాటను కప్పేస్తుంది. షాపులో ఐదు నిమిషాల్లో ఈ సంగతి తెలియదు. షాపువాళ్లు వినిపించేది ఎప్పుడూ ఫైటో పాటో! మీరు మాత్రం మాటల సీను అడగండి. ఒక పాత సినిమాలో ఇద్దరు కూర్చుని మాట్లాడుకునేది ఒకటి, కొత్త సినిమాలో వానలోనో జనంలోనో మాట్లాడుకునేది ఒకటి. సౌండు సగానికి తగ్గించి వినండి. రెండో సీనులో కూడా మాట విడివిడిగా తెలిస్తే ఆ వస్తువు మీ డబ్బుకు తగినది.

కళ్లజోడు పెట్టుకునేవారు దాన్ని పెట్టుకునే హెడ్‌ఫోన్ తొడిగి చూడాలి. ఇరవై నిమిషాలు తీయకుండా ఉంచుకోండి. కణతల దగ్గర నొప్పి అప్పుడే మొదలైతే మూడు గంటల సినిమా సాగదు. చెవి మెత్తలు విడిగా దొరుకుతాయా అని కూడా అడగండి. తోలులాంటి ప్లాస్టిక్ పొర చెమటకు, వేడికి పొరలు పొరలుగా లేచిపోతుంది. మెత్తలు దొరకకపోతే పాతిక వేల వస్తువు మూలపడుతుంది.

వైరు లేనివాటిలో బ్లూటూత్ రకం కొన్ని టీవీలతో పేచీ పెడుతుంది. పెదవులు ముందు కదులుతాయి, మాట వెనక వస్తుంది. పాటకు పర్వాలేదు కానీ సినిమాకు నరకం. కొన్ని టీవీల్లో దీన్ని సరిచేసే సెట్టింగు ఉంటుంది. లేకపోతే టీవీ పక్కన పెట్టే సొంత పెట్టెతో వచ్చే రేడియో తరంగాల రకం మేలు. వైరు రకం కొంటే ముందు మీ టీవీకి హెడ్‌ఫోన్ రంధ్రం ఉందో లేదో చూసుకోండి, కొత్త టీవీల్లో చాలావాటికి ఉండటం లేదు. ఇంకో మాట. 1997లో వచ్చిన హెచ్‌డి 600 లాంటి పేరుమోసిన రకాల మీద 300 ఓమ్స్ అని రాసి ఉంటుంది. వాటిని ఫోనుకో టీవీకో నేరుగా తగిలిస్తే సౌండు నీరసంగా వస్తుంది. విడిగా యాంప్లిఫయరు కావాలి. 32 ఓమ్స్ దరిదాపుల్లో ఉన్నవి మామూలు ఇంటికి సులువు. లక్ష రూపాయలు దాటిన హెడ్‌ఫోన్లు కూడా ఉన్నాయి. ఒక స్థాయి దాటాక పెరిగే ధరకు పెరిగే హాయి చాలా కొద్దిగానే ఉంటుందని మా అభిప్రాయం.

చుట్టూ ఉన్న మోతను తగ్గించే రకానికి మాత్రం డబ్బు పెట్టవచ్చు. దీని వెనక మన మూలాలున్న మనిషే ఉన్నారు. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకు అమర్ బోస్, 1978లో విమానంలో ప్రయాణిస్తూ ఇంజను మోతకు సంగీతం వినపడక విసిగిపోయి ఈ ఆలోచన చేశారు. 1989లో ఆయన కంపెనీ పైలట్ల కోసం అలాంటి హెడ్‌సెట్ అమ్మకానికి పెట్టింది. బయట మైకు మోతను వింటుంది, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని లోపల పుట్టిస్తుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కూలరు, ఫ్యాను, జనరేటరు లాంటి ఏకధాటి మోతలను బాగా తగ్గిస్తుంది. మోత తగ్గితే సౌండు పెంచవలసిన పని ఉండదు, చెవికి అదే లాభం. కానీ ఖమ్మం గ్రానైటు ఫ్యాక్టరీల్లో పనిచేసే సోదరులకు ఒక మనవి. సినిమా హెడ్‌ఫోన్ పని దగ్గర రక్షణ కాదు. రాయి కోసే చోట అందుకోసం తయారైన ఇయర్ మఫ్‌లో, ఇయర్ ప్లగ్‌లో పెట్టుకోవాలి.

చెవి లెక్క

ఎంత సౌండు, ఎంతసేపు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. పిల్లలకు 75 దగ్గర 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5, 92 దగ్గర రెండున్నర గంటలే. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' నిడివి మూడు గంటల పైమాట. దాన్ని 92 డెసిబెల్స్‌లో ఒక్కసారి చూస్తే వారం కోటా మొత్తం అయిపోయి ఇంకా అప్పు మిగులుతుంది. ఇంట్లో డెసిబెల్స్ కొలిచేదెవరు అంటారా? సౌండును మొత్తంలో అరవై శాతం దాటనివ్వకండి. హెడ్‌ఫోన్ తీశాక చెవిలో గుయ్యిమంటే ఆ రాత్రి దాటినట్టే లెక్క.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. అందులో సుమారు 15 వేల సన్నని రోమ కణాలు శబ్దాన్ని అందుకుంటాయి. పుట్టుకతో వచ్చినవే, చచ్చినవి మళ్లీ పుట్టవు. పెద్ద మోతకు ముందు దెబ్బతినేవి సన్నని, కీచు శబ్దాలను అందుకునే కణాలు. మాటలో స, ష, త, ఫ లాంటి అక్షరాలు ఆ సన్నని భాగంలోనే ఉంటాయి. అందువల్ల మనిషికి శబ్దం వినపడుతుంది కానీ మాట అర్థం కాదు. "వినపడుతోంది, కానీ ఏమన్నారో తెలియట్లేదు" అని ఎవరైనా అంటే హెడ్‌ఫోన్ షాపుకు కాదు, ముందు చెవి పరీక్షకు పంపండి.

మన అడవి అంచు ఊళ్లకు మరో చిక్కు ఉంది. చర్ల, దుమ్ముగూడెం వైపు మలేరియా తెలియని ఇల్లు లేదు. క్వినైన్ వాడినప్పుడు చెవుల్లో మోత వస్తుంది, సాధారణంగా మందు ఆపాక తగ్గిపోతుంది. కానీ గతంలో క్షయకు ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్, కానామైసిన్ ఇంజక్షన్ల వల్ల కొందరికి వినికిడి శాశ్వతంగా తగ్గింది. ఇప్పుడు క్షయ చికిత్స చాలా వరకు నోటి మాత్రలతోనే సాగుతోంది. ఆ ఇంజక్షన్ల కోర్సు ఎప్పుడో తీసుకున్నవారు మాత్రం హెడ్‌ఫోన్ కొనేముందు ఒకసారి ఆడియోమెట్రీ చేయించుకోవడం మంచిది. ఇది సుమారు అరగంట పని. నొప్పి ఉండదు.

చెవిలో చీము కారేవారు, వానాకాలంలో చెవి దురద, బూజు వచ్చేవారు రంధ్రంలో దూర్చేవి అసలు వాడవద్దు. కప్పే రకమైనా తగ్గేదాకా ఆగండి. ఒకరివి ఒకరు పెట్టుకోవద్దు, మెత్తలు పొడి గుడ్డతో తుడవండి. సౌండు తగ్గింది కదా అని చెవిలో కాచిన నూనె పోయడం, పిన్నీసుతోనో కోడి ఈకతోనో తిప్పడం ఇంకా చూస్తూనే ఉన్నాం. దయచేసి మానండి. ఒక చెవి ఉన్నట్టుండి, ఒకటి రెండు రోజుల్లో వినపడకుండా పోతే అది గుబిలి అనుకుని వారాలు గడపకండి. మొదటి రోజుల్లో వస్తే మందులతో తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది, ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గిపోతుంది.

ఇక మణుగూరు పెద్దాయన. ఆయన రెండు చెవుల్లోనూ గని మోత వల్ల వచ్చిన నష్టమే కనపడింది. ఎడమ చెవిలో గుబిలి గట్టిపడి ఉంటే అది తీశాం. మిగిలినది మందుతో తిరిగి వచ్చేది కాదు. వినికిడి యంత్రం పెట్టించుకోమంటే మొదట ఒప్పుకోలేదు. "జనం చెవిటోడంటారు" అన్నారు. "ఇప్పుడు సౌండు పెడితే వీధంతా అంటున్నారు కదా నాన్నా" అన్నాడు కొడుకు. కొన్ని రకాల వినికిడి యంత్రాలకు టీవీ సౌండును నేరుగా పంపే చిన్న పరికరం దొరుకుతుంది. అలాంటిదే ఎంచుకున్నారు. అలవాటు పడటానికి నెలన్నర పట్టింది. మొదటి వారంలో రెండుసార్లు తీసి విసిరేశారట, గిన్నెల చప్పుడు ఇంతుంటుందని మరిచిపోయానని.

ఆ తర్వాత ఒకసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు 'మాయాబజార్' మళ్లీ చూశానని చెప్పారు. హెడ్‌ఫోన్ మనవరాలికి ఇచ్చేశారు. ఆమె ఫోనులో సౌండు పరిమితి ఎలా పెట్టాలో మా నర్సమ్మ ఓ.పి. బల్ల దగ్గరే చూపించి పంపింది.