లారీ క్యాబిన్‌లో ఛార్జింగ్ పాయింట్.. ఆ ఒక్క తప్పుతో బ్యాటరీలు రెండూ ఔట్!

అనంతపురం: వానలు తక్కువ, బోర్లే దిక్కైన నేల ఇది. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి కూడా ఇక్కడికి బోరు బండ్లు వస్తుంటాయి. పని ఉన్నన్ని రోజులు సిబ్బందికి ఆ లారీలే ఇల్లు. 44వ నంబర్ హైవేపై తిరిగే డ్రైవర్లదీ అదే పరిస్థితి. ఫోన్‌కు ఛార్జింగ్, రాత్రికి చిన్న ఫ్యాన్ కావాల్సిందే. చిక్కంతా ఆ కరెంటు ఎక్కడి నుంచి తీస్తున్నారన్న దగ్గరే.

కారులో ఉండేది 12 వోల్టులు. పెద్ద లారీల్లో 24. అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలుపుతారు. ఫ్యాన్ 12దే కదా అని చాలామంది ఒక బ్యాటరీ నుంచే వైరు లాగేస్తారు. ఫ్యాన్ తిరుగుతుంది, ఖర్చూ లేదు. కానీ ఆ బ్యాటరీ రోజూ దిగిపోతుంది. ఆల్టర్నేటర్ మాత్రం రెండింటినీ కలిపే ఛార్జ్ చేస్తుంది. దాంతో ఒకటి ఎప్పుడూ పూర్తిగా నిండదు, రెండోదానికి ఛార్జింగ్ ఎక్కువై నీళ్లు ఆవిరైపోతాయి. ఓ తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే బండి లేవదు. అదీ పొలం మధ్యలో అయితే ఇక చెప్పక్కర్లేదు!

మరేం చేయాలి? 24ను 12గా మార్చే కన్వర్టర్ పెట్టించాలి. ఫోన్‌కు మాత్రమే అయితే ‘12-24 వోల్టులు’ అని రాసి ఉన్న యూఎస్‌బీ సాకెట్ చాలు, కన్వర్టర్ అక్కర్లేదు.

వైరు సంగతీ చూడాలి. 60 వాట్లకు ఇంట్లో పావు ఆంపియర్ సరిపోతుంది. 12 వోల్టుల్లో 5 ఆంపియర్లు పారాలి. సన్న వైరైతే వేడెక్కుతుంది. ఫ్యూజు సాకెట్ దగ్గర కాదు, బ్యాటరీ పక్కనే ఉండాలి. లేదంటే మధ్యలో వైరు ఒరిసి బాడీకి తగిలితే ఆపేదేమీ ఉండదు. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే రాగి తీగ చుట్టేయొద్దు. వైరు ఎక్కడ ఒరుసుకుంటోందో వెతికించాలి.