బాస్ చేపకు గాలం వేస్తున్నారా? ముందు ఎరను చూడండి, కర్ర, దారం సంగతి తర్వాత

ఇప్పటివరకు గాలానికి పడిన అతిపెద్ద లార్జ్‌మౌత్ బాస్ బరువు సుమారు 10 కిలోలు. 1932 జూన్ 2న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన ఆ చేప 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది. 2009 జులైలో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దాదాపు అంతే బరువు ఉంది. దాంతో రికార్డు ఇద్దరిదీ అయింది.

సాధారణంగా గాలానికి పడే బాస్‌లు ఇందులో ఐదో వంతు కూడా ఉండవు. అయినా వీటి కోసం కొందరు 65 పౌండ్ల దారం వాడతారు. అంటే 29 కిలోల బరువును ఆపగల దారం. అదే సరస్సులో, అదే రోజు, పక్క పడవలోని మనిషి 6 పౌండ్ల దారంతో అంతే సైజు చేపలను పడుతుంటాడు. అది మూడు కిలోల బరువును కూడా ఆపలేదు. ఇద్దరూ సరైన దారమే వాడుతున్నారు.

ఈ తేడా ఎందుకో తెలిస్తే బాస్ వేటకు కర్ర, దారం ఎలా ఎంచుకోవాలో చాలావరకు తెలిసినట్టే.

టెక్సస్‌లోని డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ లాంటి ఊళ్ల నుంచి లూయిస్‌విల్ సరస్సు దగ్గరే. అమెరికాలో బాస్ వేటకు పేరున్న లేక్ ఫోర్క్ కూడా తూర్పున కాస్త దూరంలోనే ఉంది. పిల్లలు అడిగారనో, సహోద్యోగి పిలిచాడనో గాలం కొనడానికి దుకాణానికి వెళ్తే గోడ నిండా కర్రలు కనిపిస్తాయి. అక్కడ కొత్తవారు అడిగే మొదటి ప్రశ్న 'పెద్ద చేపను ఆపే కర్ర ఏది?' అని. అడగాల్సింది మాత్రం 'నేను వేయబోయే ఎరకు ఏ కర్ర సరిపోతుంది?' అని.

బాస్ అంటే ఏ చేప?

మన దగ్గర రెస్టారెంట్లలో 'సీ బాస్' పేరుతో వడ్డించేది సాధారణంగా పండుగప్ప. దానికీ దీనికీ సంబంధం లేదు. అమెరికాలో బాస్ వేట అంటే ఎక్కువగా లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్ బాస్‌ల వేట. ఇవి ఉత్తర అమెరికాకు చెందిన మంచినీటి చేపలు, సన్‌ఫిష్ కుటుంబానికి చెందినవి.

లార్జ్‌మౌత్ బాస్ నాచు పక్కన, మునిగిన చెట్ల మధ్య, పడవల రేవు కింద పొంచి ఉంటుంది. ఎర దగ్గరకు రాగానే పెద్ద నోరు తెరిచి నీటితో సహా లోపలికి లాక్కుంటుంది. అది తిండి కాదని తెలిస్తే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. ఈలోగా చేప ఎర అందుకుందని చేతికి తెలియాలి, కొక్కెం దాని దవడలో దిగాలి, తర్వాత ఒడ్డుకు వచ్చేదాకా ఊడిపోకూడదు. కర్ర, దారం చేయాల్సిన పనులు ఈ మూడే. ఇవి ఎంత సులువు, ఎంత కష్టం అన్నది ఎర మీద ఆధారపడి ఉంటుంది.

కర్ర మీద రాసిన మాటలకు అర్థం ఏంటి?

ప్రతి కర్ర మీద పిడికి కొంచెం పైన కొన్ని వివరాలు ముద్రించి ఉంటాయి. వాటిలో రెండు మాటలు ముఖ్యం.

మొదటిది పవర్. కర్రను వంచడానికి ఎంత బలం కావాలో ఇది చెబుతుంది. లైట్, మీడియం లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అని వరుసగా పెరుగుతుంది.

రెండోది యాక్షన్. కర్ర ఎక్కడి నుంచి వంగుతుందో ఇది చెబుతుంది. 'ఫాస్ట్' అంటే చివర మాత్రమే వంగుతుంది, మిగతా కర్ర బిగుసుగా ఉంటుంది. 'మోడరేట్' అంటే దాదాపు సగం దాకా వంగుతుంది. ఫాస్ట్ కర్రను చేత్తో విదిలిస్తే ఆ బలం వెంటనే కొక్కేనికి చేరుతుంది. మోడరేట్ కర్ర స్ప్రింగులా సాగుతూ చేప గుంజుడును తనలోకి తీసుకుంటుంది.

వీటి పక్కనే ఆ కర్ర ఎంత బరువున్న ఎరను విసరగలదో ఔన్సుల్లో ఉంటుంది. ఒక ఔన్సు 28 గ్రాములు. పావు ఔన్సు నుంచి ముప్పావు ఔన్సు అని రాసి ఉంటే 7 నుంచి 21 గ్రాముల ఎరలకు అది సరిపోతుందని అర్థం. అంతకంటే తేలికైన ఎర వేస్తే కర్ర వంగదు, ఎర దూరం పోదు. కొనేముందు ఎక్కువమంది చూడకుండా వదిలేసే అంకె ఇదే.

మూడు దారాలు, మూడు స్వభావాలు

దారాన్ని దాని పౌండ్లను బట్టి మాత్రమే కొనకూడదు. అది ఎంత సాగుతుంది, నీటిలో తేలుతుందా మునుగుతుందా అన్నవి కూడా అంతే ముఖ్యం.

నైలాన్ మోనోఫిలమెంట్: మన చెరువు గట్ల మీదా కనిపించే దారం ఇదే. చవక. ముడి సులువుగా పడుతుంది. బాగా లాగితే దాదాపు నాలుగో వంతు దాకా సాగుతుంది. చాలా నెమ్మదిగా మునుగుతుంది. నీటిని పీల్చుకుంటుంది, ఎండకు క్రమంగా బలహీనపడుతుంది.

ఫ్లోరోకార్బన్: జపాన్‌కు చెందిన కురేహా సంస్థ 1971లో దీన్ని గాలపు దారంగా తెచ్చింది. కాంతిని వంచే తీరులో నైలాన్ కంటే నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి నీటిలో తక్కువ కనిపిస్తుంది. బరువైనది, మునుగుతుంది. రాళ్ల రాపిడిని తట్టుకుంటుంది. ముడి వేసేటప్పుడు తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి అక్కడే దెబ్బతింటుంది.

బ్రెయిడ్: సన్నని పాలీఎథిలిన్ పోగులను జడలా అల్లిన దారం. దాదాపు సాగదు, నీటిపై తేలుతుంది. 30 పౌండ్ల బ్రెయిడ్ మందం దాదాపు 8 పౌండ్ల నైలాన్ అంతే ఉంటుంది. చేప చిన్నగా తాకినా చేతికి తెలుస్తుంది. తేట నీటిలో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. పదునైన రాయి అంచుకు తగిలితే తెగిపోతుంది.

ఏ ఎరకు ఏ జోడీ?

ఇప్పుడు ఎర నుంచి వెనక్కి వద్దాం.

క్రాంక్‌బెయిట్: చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి ఎర. ముందు చిన్న రేకు, కింద మూడు కొనలున్న కొక్కేలు రెండు. లాగుతుంటే ఊగుతూ లోతుకు దిగుతుంది. ఈ కొక్కేలు చిన్నవి, సన్నవి. బాస్ తాకగానే అవే గుచ్చుకుంటాయి, గట్టిగా విదిలించాల్సిన పనిలేదు. అసలు ప్రమాదం తర్వాతే. బిగుసైన కర్ర, సాగని బ్రెయిడ్ ఉంటే చేప ఎగిరి తల విదిలించినప్పుడు కొక్కెం నోటిని చీల్చుకుని ఊడిపోతుంది. అందుకే దీనికి మీడియం లేదా మీడియం హెవీ పవర్, మోడరేట్ యాక్షన్ కర్ర, 10 నుంచి 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ వాడతారు. దారం సన్నగా ఉంటే ఎర ఇంకా లోతుకు దిగుతుంది.

ప్లాస్టిక్ వానపాము: ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్ 1949లో మెత్తని ప్లాస్టిక్ వానపాములను తయారుచేసి అమ్మకానికి తెచ్చారు. ఇప్పుడు బాస్ వేటలో ఎక్కువగా వాడే ఎరల్లో ఇవి ఉన్నాయి. 'టెక్సస్ రిగ్' పద్ధతిలో కొక్కెం మొనను ప్లాస్టిక్‌లోనే దాచిపెడతారు, అందుకే కొమ్మలకు తగులుకోదు. అయితే చేప పట్టుకున్నప్పుడు ఆ మొన ముందు ప్లాస్టిక్‌ను దాటి, తర్వాత దవడలో దిగాలి. దానికి బలం కావాలి. కాబట్టి 7 అడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్ కర్ర, 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్. క్రాంక్‌బెయిట్ కర్రతో ఈ ఎర వేస్తే చేప పట్టినట్టే పట్టి వదిలేస్తుంది.

నీటిపై తేలే ఎర: పాపర్ లాంటివి నీటి మీద చప్పుడు చేస్తూ కదలాలి. ఫ్లోరోకార్బన్ మునిగి ఎర ముక్కును కిందికి లాగేస్తుంది. ఇక్కడ 12 నుంచి 15 పౌండ్ల నైలాన్ మంచిది. దూరంగా విసరాలంటే 30 పౌండ్ల బ్రెయిడ్. కొక్కేలు మూడు కొనలవి కాబట్టి మీడియం పవర్ కర్ర చాలు.

కప్ప: లోపల గుల్లగా ఉండే మెత్తని రబ్బరు కప్ప. రెండు కొక్కేలూ పైకి తిరిగి వీపును అంటుకుని ఉంటాయి. దట్టమైన నాచు మీద, తామరాకుల మీద దీన్ని లాగుతారు. బాస్ కింద నుంచి నాచును చీల్చుకుని వచ్చి మింగుతుంది. అప్పుడు మీరు లాగాల్సింది చేపను మాత్రమే కాదు, దాని తలకు చుట్టుకున్న నాలుగైదు కిలోల నాచును కూడా. ఒక్క క్షణం వదులిస్తే చేప కాడల్లో చిక్కుకుంటుంది. హెవీ పవర్ కర్ర, 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్ అవసరమయ్యేది ఇక్కడే. బ్రెయిడ్ నాచును రంపంలా కోస్తుంది. మొదట్లో చెప్పిన 65 పౌండ్ల లెక్క చేపను బట్టి కాదు, నాచును బట్టి.

డ్రాప్ షాట్: తేట నీటిలో, చేపలు బెదిరి ఉన్నప్పుడు వేసే చిన్న ఎర. కొక్కెం సన్నని తీగతో చేసింది, నెమ్మదిగా లాగినా దిగుతుంది. మీడియం లైట్ కర్ర, స్పిన్నింగ్ రీలు, 10 పౌండ్ల బ్రెయిడ్, దాని చివర కొన్ని అడుగుల 6 నుంచి 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్. అడ్డంకులు లేని నీటిలో చేప లాగినప్పుడు రీలు బ్రేకు కొంచెం కొంచెంగా దారం వదులుతుంది. 6 పౌండ్ల దారం నిలబడేది అందుకే.

ఒక్కటే కొనాలంటే?

మొదటిసారి కొనేవారికి 7 అడుగుల మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ స్పిన్నింగ్ కర్ర, 2500 లేదా 3000 సైజు రీలు సరిపోతాయి. 15 పౌండ్ల బ్రెయిడ్ చుట్టి, చివర 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ కట్టుకోవాలి. రీలు మీద ముందు కొన్ని చుట్లు నైలాన్ వేయండి. లేకపోతే జారుడుగా ఉండే బ్రెయిడ్ మొత్తంగా గిర్రున తిరుగుతుంది. చిన్న ప్లాస్టిక్ ఎరలు, చిన్న పాపర్లు, చిన్న క్రాంక్‌బెయిట్లు దీంతో వేయొచ్చు. దట్టమైన నాచులో కప్పను మాత్రం వేయకండి.

రెండో కర్ర కొనేటప్పుడు బెయిట్‌కాస్టింగ్ రీలు గురించి ఆలోచించవచ్చు. బరువైన ఎరలకు, లావు దారాలకు అది మేలు. కానీ విసిరినప్పుడు బొటనవేలితో ఆపడం రాకపోతే దారం రీలులోనే పిచ్చుక గూడులా చిక్కుపడుతుంది. పెరట్లో సాధన చేశాకే సరస్సుకు తీసుకెళ్లడం మంచిది.

దారం తెగితే నష్టం ఎవరికి?

అమెరికాలో బాస్‌ను పట్టి తిరిగి నీటిలో వదలడం చాలామంది పాటించే పద్ధతి. కొన్నిచోట్ల అది చట్టం కూడా. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను ఇంటికి తీసుకెళ్లకూడదు. ఆ చేప బతికి, గుడ్లు పెట్టాలన్నది ఉద్దేశం.

నాచులో సన్న దారం వేస్తే అది తెగుతుంది. కప్పతో సహా రెండు పెద్ద కొక్కేలు చేప నోట్లో ఉండిపోతాయి. వేసవిలో వేడెక్కిన నీటిలో బలహీనమైన కర్రతో ఎక్కువసేపు ఆడిస్తే చేప అలసిపోతుంది. వదిలినప్పుడు ఈదుకుంటూ వెళ్లినా తర్వాత చనిపోవచ్చు. ఒడ్డున పారేసిన దారం పక్షుల కాళ్లకు, తాబేళ్ల మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి తగిన దారం ఎంచుకోవడం మనకు చేప దక్కడం కోసమే కాదు, వదిలిన చేప బతకడం కోసం కూడా.

ఇంకో మాట. టెక్సస్‌లో 17 ఏళ్లు, ఆపైన వయసున్నవారు గాలం వేయడానికి లైసెన్స్ తీసుకోవాలి. స్టేట్ పార్కుల లోపల ఒడ్డున నిలబడి వేసేవారికి మాత్రం ఇది అక్కర్లేదు. అమ్మానాన్నలు చూడటానికి వచ్చినప్పుడు వారి చేతికి కర్ర ఇచ్చే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొర్రమీనుకూ ఇదే లెక్క

సెలవులకు ఊరొచ్చినప్పుడు ఈ సామాను వృథా కాదు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను కూడా కలుపు మధ్య పొంచి ఉండే వేటాడే చేపే. గాలి పీల్చడానికి మధ్యమధ్యలో పైకి వస్తుంది. దానికి మన దగ్గరా రబ్బరు కప్పలు వేస్తున్నారు. గుర్రపుడెక్క, తామరలు కమ్మిన చెరువులో దానికి కావాల్సింది బాస్ కప్పకు వాడిన హెవీ కర్ర, లావు బ్రెయిడే. చేప మారినా ఎర, దాని చుట్టూ ఉన్న కలుపు మారలేదు కాబట్టి జోడీ కూడా మారదు.

సామాను దేశాలు దాటొచ్చు, చేపలు మాత్రం దాటకూడదు. కొర్రమీను జాతులను బతికున్నవిగా అమెరికాకు తీసుకురావడాన్ని 2002లో నిషేధించారు. జపాన్‌కు 1925లో తీసుకెళ్లిన బాస్ అక్కడి చేపలను తినేస్తూ సమస్యగా మారడంతో, ప్రాణంతో తరలించడాన్ని, పెంచడాన్ని 2005 నుంచి అక్కడి చట్టం నిషేధిస్తోంది. రికార్డు చేప పడిన బివా సరస్సులోనూ బాస్ బయటి నుంచి వచ్చిన చేపే.

అందుకే దుకాణంలో గోడ నిండా ఉన్న కర్రల ముందు నిలబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఏ ఎర వేయబోతున్నాను? దాని కొక్కెం సులువుగా దిగేదా, బలంగా లాగితే తప్ప దిగనిదా? ఎర పడే చోట ఖాళీ నీరు ఉందా, నాచు ఉందా? వీటికి జవాబు దొరికాక గోడ మీద మీకు పనికొచ్చే కర్రలు రెండో మూడో మిగులుతాయి.