పటం విప్పేటప్పుడు.. ఫొటో జాగ్రత్త!

కర్నూలు: గోడకు వేలాడుతున్న తాతగారి పటానికి చెదలు పట్టినా, అద్దం పగిలినా, లోపల తెల్లని మచ్చలు కనిపించినా ఇంట్లో ఎవరో ఒకరు స్క్రూడ్రైవరు తీసుకుని దాన్ని విప్పడానికి కూర్చుంటారు. పని చిన్నదే, పావుగంటలో ముగుస్తుంది. అయితే ఇంటిల్లిపాదికీ మిగిలిన ఒకే ఒక్క ఫొటో పాడయ్యేది కూడా ఆ పావుగంటలోనే. అద్దం పగిలితే పటాలు కట్టే దుకాణంలో కొత్తది కోయించుకోవచ్చు. యాభై, అరవై ఏళ్ల కిందట తీయించుకున్న ఫొటోకు నెగెటివ్ దొరకడం దుర్లభం. తీసిన స్టూడియోలే అనేకం మూతపడ్డాయి. అందుచేత పటం విప్పడానికి ముందే, అద్దం మీదుగానే సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచుకోవడం శ్రేయస్కరం. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోను వెనుక నల్లని గుడ్డ అడ్డుపెట్టి తీస్తే అద్దంలో మెరుపు పడదు.

అసలు చిక్కు ఎక్కడంటే..

పాత నలుపు తెలుపు ఫొటోల్లో బొమ్మ ఉండేది కాగితంలో కాదు, దానిపై పూసిన జెలటిన్ పొరలో. పశువుల ఎముకలు, చర్మాల నుంచి తయారయ్యే ఈ పదార్థంలో వెండి రేణువులు ఇమిడి ఉంటాయి. తేమ తగిలితే జెలటిన్ ఉబ్బి జిగురుగా మారుతుంది. మన వద్ద పటం కట్టేవారు చాలామంది ఫొటోను నేరుగా అద్దానికి ఆనించి బిగిస్తారు. తడిసిన పొర అద్దానికి అంటుకుని, ఆరిన తరువాత కాగితాన్ని పట్టుకున్న దానికంటే గట్టిగా అద్దాన్నే పట్టుకుంటుంది. అప్పుడు లాగితే కాగితం చేతికి వస్తుంది, ముఖం అద్దం మీద ఉండిపోతుంది.

ఆ తేమ వానకు నెమ్ము ఎక్కిన గోడ నుంచే రానక్కరలేదు. తద్దినం నాడు వేసిన తడి పూలదండ, పండుగకు తడిగుడ్డతో తుడిచిన తుడుపు, నీళ్లలో కలిపి పెట్టిన గంధం బొట్టు.. వీటి నీరు చట్రం అంచు నుంచి లోపలికి దిగుతుంది. పెద్దలపై మనం చూపే భక్తే వారి పటానికి చేటు తెస్తున్నదంటే వినడానికి కష్టంగానే ఉంటుంది.

విప్పే విధానం

ముందుగా పటాన్ని ఇద్దరు కలిసి దించాలి. వెనుక తేలు, కందిరీగల గూడు, పిచ్చుక గూడు ఏదైనా ఉండవచ్చు. ఆరుబయట దుమ్ము దులిపి, మందపాటి దుప్పటి పరచిన బల్లపై బోర్లా పెట్టాలి. పిల్లలను దూరంగా ఉంచి, కాళ్లకు చెప్పులు, చేతులకు తోలు తొడుగులు వేసుకోవాలి. బూజు వాసన వస్తుంటే ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. అద్దం ముందే పగిలి ఉంటే, బోర్లించడానికి ముందు పగుళ్ల మీద అడ్డంగా సెల్లోటేపు అంటించాలి. ముక్కలు కదిలి ఫొటోను గీరకుండా ఉంటాయి.

వెనుక అంటించిన కాగితాన్ని బ్లేడుతో లోపలి అంచు వెంట పైపైనే కోయాలి. దాని కింద చట్రం పక్కలకు దిగగొట్టిన సన్న మేకులు కనిపిస్తాయి. కొత్త ఫ్రేముల్లో మేకులకు బదులు వంచే రేకు పట్టీలు ఉంటాయి, వాటిని నిటారుగా లేపితే చాలు. మేకును కటింగ్ ప్లయరుతో అది దిగిన దిశలోనే, అంటే అద్దానికి సమాంతరంగా, పటం మధ్యవైపునకు లాగాలి. ప్లయరు కింద ఒక గట్టి అట్టముక్క ఉంచుకుంటే ఒత్తిడి అద్దంపై పడదు. స్క్రూడ్రైవరుతో పైకి తిప్పి లేపే అలవాటే అద్దాలు పగలడానికి కారణం. తుప్పు పట్టి రాని మేకుకు కిరోసిన్, నూనె వేయరాదు. ఆ మరక కాగితంలోకి పాకితే మరి పోదు. అటువంటి మేకును కత్తిరించి వదిలేయడమే మేలు. తీసిన మేకులన్నీ ఒక గిన్నెలో వేయాలి. నేలపై పడిన ఒక్కటి చాలు, తెల్లవారేసరికి ఎవరో ఒకరి పాదంలో ఉంటుంది.

వెనుక అట్ట తీశాక దొరికే పాత వార్తాపత్రిక ముక్కను పారవేయవద్దు. దానిపై తేదీ ఉంటే పటం సుమారుగా ఎప్పుడు కట్టించారో తెలుస్తుంది. ఫొటో వెనుక స్టూడియో ముద్ర, పేర్లు, ఊరు రాసి ఉండటమూ కద్దు.

ఇక ఫొటోను మూల పట్టుకుని పైకి లాగకూడదు. అద్దం పగలని పక్షంలో ఫొటో వెనుక శుభ్రమైన అట్ట ఉంచి, చట్రంతో సహా గట్టిగా పట్టుకుని వెల్లకిలా తిప్పి, చట్రాన్ని మాత్రమే పైకి ఎత్తాలి. అద్దం, ఫొటో అట్టపై నిలుస్తాయి. వెలుతురులో ఏటవాలుగా చూస్తే, అంటుకున్న చోట తడిసినట్లు ముదురుగా, నిగనిగలాడుతూ మచ్చలు కనిపిస్తాయి. అద్దం ఒక అంచును గోరు మందం లేపి చూడాలి. ఫొటో దానితో పాటు లేచిందంటే అక్కడితో ఆపివేయాలి. ఆవిరి పట్టడం, బ్లేడు దూర్చడం, హెయిర్ డ్రయ్యరు పెట్టడం వంటి ప్రయోగాలు వద్దు. అద్దంతో సహా స్టూడియోకు తీసుకువెళ్లి స్కాన్ చేయించి కొత్త ప్రతి తీయించుకోవాలి. అసలుదాన్ని అద్దంతోనే అట్టల మధ్య భద్రపరచాలి.

దేవుడి పటాల విషయంలో మరో మెలిక ఉంది. తంజావూరు తరహా పాత పటాల్లో కొన్నింటికి బొమ్మ అద్దం వెనుక భాగంపైనే రంగులతో వేసి ఉంటుంది. అక్కడ అద్దమే చిత్రం. మరకలు పోతాయని వెనుక నుంచి తుడిస్తే దేవుడే చెరిగిపోతాడు.

వరదలో తడిస్తే..

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ కాలనీలను ముంచెత్తినప్పుడు పటాలున్న ఇళ్లెన్నో నీటి పాలయ్యాయి. ఇటువంటప్పుడు నియమం తారుమారవుతుంది. ఆరాక విప్పుదామని ఆగరాదు, తడిగా ఉండగానే ఫొటోను అద్దం నుంచి వేరు చేయాలి. బురదను మంచినీటిలో మెల్లగా జాడించి, బొమ్మను చేత్తో తాకకుండా, నీడలో శుభ్రమైన గుడ్డపై వెల్లకిలా ఆరబెట్టాలి. చేత్తో రంగులద్దిన పాత ఫొటోలను, ఇంకుజెట్ ప్రింట్లను మాత్రం జాడించకూడదు. రంగు కారిపోతుంది.

పగిలిన అద్దం ముక్కలను మందంగా పాత పేపర్లలో చుట్టి, టేపు వేసి, పైన ‘గాజు’ అని రాసి పారిశుద్ధ్య కార్మికునికి చెప్పి ఇవ్వాలి. చెత్త సంచిలో కలిపేస్తే కోసుకునేది వారి చేతులే. తిరిగి పటం కట్టించేటప్పుడు ఫొటోకు, అద్దానికి నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల అట్ట అంచు పెట్టమని దుకాణదారును అడగాలి. వెనుక కింది మూలల్లో రెండు బెండు ముక్కలు అంటిస్తే గోడకు, పటానికి మధ్య గాలి ఆడుతుంది. దండ వేయదలిస్తే తడి ఆరిన పూలు వేయవచ్చు.